ఉప్పుఊట అడుగున గులాబీ పొర

చంటీకి,

ఒక చోట ఏదీ లేదని రాసే ముందు మనిషి ఎన్నాళ్లు చూడాలి? పన్నెండేళ్లుగా ఈ ప్రశ్న మోస్తున్నాను. నీ ఉత్తరం చదివాక ఇక మోయలేననిపించింది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, మీరూ అలాగే ఉండాలి. నా మోకాలు నయం. నీ మేనకోడలికి కొత్త కాలేజీ నచ్చింది, హాస్టల్ భోజనం నచ్చలేదు. అమ్మ దగ్గు తగ్గిందన్నావు, సంతోషం.

ఇక నీ ఘనకార్యం. మన ఉప్పుఊట స్నానాల తొట్టి అడుగున గులాబీ రంగు పొర చూసి వచ్చినవాళ్లు మొహం చిట్లిస్తున్నారని, బ్లీచింగ్ పౌడర్ పోసి ఇనప బ్రష్షుతో గీకించావా? పైగా నేను సూక్ష్మజీవుల ల్యాబులో పనిచేస్తానని, "నీ పురుగులకి నూకలు చెల్లాయక్కా" అని వేళాకోళమా? వచ్చే ఆదివారం ఊట పుట్టే పై గుంట కూడా కడిగిస్తావట. నీళ్లు శుద్ధమని నేను కొత్త కాగితం రాసి పంపాలట.

అవి పురుగులు కావురా. కంటికి కనపడని ప్రాణులు. ఇంకేదీ బతకలేనంత ఉప్పులో అవి బతుకుతాయి, మంచినీళ్లలో వేస్తే పగిలి చస్తాయి. స్నానానికొచ్చే ముసలివాళ్లకి వాటివల్ల ఏ హానీ లేదు. మనం పుట్టకముందు నుంచీ పొర మీద పొర పేర్చుకున్న సంసారాన్ని ఒక్క పూటలో గీకేశావు. ముందు నన్నొక మాట అడగడానికి నీకు నోరు రాలేదా?

ఫోన్ చేసి మరదలి దగ్గర ఇదే అరిచాను. అంతా విని, నెమ్మదిగా, "జీవం లేదని రాసిచ్చింది మీరే కదా వదినా. లేనిదాన్ని ఈయన ఎలా చంపుతాడు?" అంది. ఫోన్ పెట్టేశాను.

కోపం చల్లారాక రాయమన్నారు మీ బావ. చల్లారితే ఇది రాయలేను.

పన్నెండేళ్ల కిందట నాన్న అడిగితే ఆ నీళ్లు మా ల్యాబులో పరీక్షించింది నేనే. మామూలు నీళ్లకి చేసినట్టే, ఉప్పు లేని పోషకం మీద రెండు చుక్కలు వేసి, రెండు రోజులు వెచ్చగా ఉంచి చూశాను. ఏమీ మొలవలేదు. రోగం తెచ్చే క్రిములు లేవని రాయాల్సినదాన్ని, ఏ జీవీ లేదని రాసి సంతకం పెట్టాను. నాన్న దానికి పటం కట్టించి టికెట్ల గదిలో తగిలించారు. పోషకంలో ఊట ఉప్పునీళ్లే కలిపి పెట్టిన గాజు ప్లేటు ఒకటి అలమర వెనక మర్చిపోయాను. అయిదు వారాల తర్వాత తీస్తే దాన్నిండా ఎర్రటి చుక్కలు. అప్పటికే నాన్న వచ్చినవాళ్లందరికీ ఆ పటం చూపించి మురిసిపోతున్నారు. ప్లేటు కడిగేశాను. ఎవరికీ చెప్పలేదు. నీ చేతికి బ్రష్షు ఇచ్చింది నేనే.

అందుకని నీ మీద కోపం తగ్గిందనుకోకు. పై గుంట జోలికి వెళ్లావంటే ఇక నన్ను అక్కా అని పిలవకు.

కొత్త కాగితం సంగతి. జీవులున్నాయి, హాని చెయ్యవు అని రాస్తే జనం మొదటి మాట దగ్గరే ఆగి వెనక్కి తిరుగుతారు. ఆ తొట్టి మూతపడితే నువ్వూ మరదలూ అమ్మా ఏమైపోతారు? పాత మాటే మళ్లీ రాస్తే, రేపు ఇంకొకడు నా సంతకం చూపించి బ్లీచింగ్ పోస్తాడు. రెండు కాగితాలూ రాసి బల్ల మీద పెట్టుకున్నాను. ఏది పంపాలో నాకు తేలడం లేదు.

ఇట్లు,
ఇంకా కోపంగానే ఉన్న
నీ అక్క