నీ పేరు మీద చలివేంద్రం

చెల్లీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. వారమంతా ల్యాబులో నీళ్లు పరీక్షించి, ఆదివారమైతే నువ్వు పరుగెత్తే చిలకలగూడ బస్తీ గుర్తుందిగా. వాళ్లు నీ పేరు మీద చలివేంద్రం పెట్టి, మొదటి గ్లాసు నేనే తాగాలని మల్కాజ్‌గిరి నుంచి పిలిపించారు. పందిరి కింద ఇసుకలో కొత్త కుండ, దాని వెనక దండ వేసిన నీ ఫొటో. నువ్వు వెళ్లినప్పుడల్లా ఛాయ్ పెట్టిచ్చే యాదమ్మే గ్లాసు ముంచి ఇచ్చింది.

"ఎక్కడి నీళ్లు యాదమ్మా?"

"మన బోరు నీళ్లే అక్కా. నల్లా సక్కగ వస్తలేదు గదా."

ఆ బోరే. డ్రైనేజీ కలుస్తోంది, పిల్లలకు తాగించొద్దని ఇంటింటికీ చెప్పి, నువ్వు ఎర్ర రంగు పూసిన బోరు. ఆ రంగు ఇంకా పోలేదు.

నాకు ఒళ్లు మండింది. "అది చెప్పింది ఒక్క ముక్కయినా విన్నారా మీరు?" అంటూ కుండ వంచేశాను. నీళ్లు నీ ఫొటో కిందికి పారాయి.

ఎవరూ కోప్పడలేదు. "పాపం, చెల్లె యాదికొచ్చినట్టుంది" అన్నారెవరో. యాదమ్మ నా కళ్లు కొంగుతో తుడిచి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఖాళీ కుండ చంకనెత్తుకుని మళ్లీ ఆ బోరు దగ్గరికే వెళ్లింది.