బాస్క్‌కు రెండు, హీబ్రూకు ఒకటి

పటమట, ఆదివారం

ప్రియమైన పిన్నికి,

దేవుని దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. బిల్బావో వానలు నిన్ను జలుబు పాలు చేయలేదని అనుకుంటున్నాను. అమ్మ బీపీ మాత్ర మానలేదు, ఊరగాయా మానలేదు. నువ్వడిగావని చెబితే, "స్పెయిన్‌లో కూర్చుని నా కంచంలోకి చూస్తోందా అది?" అంది.

ఇక నీ రెండో ప్రశ్న. మీ సిస్టర్లుండే కాన్వెంటు మూసేసినప్పుడు మా సెమినరీ లైబ్రరీకి నువ్వు పంపిన, మీ అక్కడి బాస్క్ భాష పుస్తకాలను ఎవరైనా ముట్టుకుంటున్నారా? నేను ముట్టుకున్నాను. అదెలాగో ఫోన్లో చెబితే నువ్వు మధ్యలోనే నవ్వేస్తావు, అందుకే ఈ ఉత్తరం.

ఈ లైబ్రరీలో నాది ఆరు నెలల ఉద్యోగమని నీకు తెలుసు. కమిటీకి నచ్చితే పర్మనెంట్, లేకపోతే నాన్న చూసిన బ్యాంకు కోచింగ్. పాత కంప్యూటర్ జాబితాను సరిచేయడం నా పని. ప్రతి పుస్తకం పక్కన దాని భాషకో కోడ్ ఉంటుంది, రెండో మూడో ఇంగ్లీషు అక్షరాలు. ప్రపంచమంతా అవే వాడతారు. మన తెలుగుకు tel.

హీబ్రూకు పూర్వం iw ఉండేది. 1989లో దాన్ని తీసేసి he పెట్టారు. మూడక్షరాల పద్ధతిలో heb ఒక్కటే. మా జాబితాలో iw కింద ఉన్నవన్నీ నకళ్లే, కాబట్టి చెరిపేశాను. మా లైబ్రేరియన్ డేనియల్ గారు శభాష్ అన్నారు.

బాస్క్ అలా కాదు పిన్నీ. రెండక్షరాల్లో eu ఒక్కటే గానీ, మూడక్షరాల్లో రెండున్నాయి. బయటివాళ్లు పిలిచే పేరు నుంచి baq, వాళ్ల భాషను వాళ్లు పిలుచుకునే పేరు నుంచి eus. ఏదీ రద్దు కాలేదు. హీబ్రూ ఇల్లు మారి పాతింటికి తాళం వేసింది, బాస్క్ రెండిళ్లలోనూ కాపురముంటోంది. ఇది చదివిన రోజు బస్సులో పక్కనున్న ఆవిడకు కూడా చెప్పాను. పాపం, వింది.

చదివింది మాత్రం ఆలస్యంగా. iw లాగే baq కూడా పాతబడిందనుకుని ముందే చెరిపేశాను. అవి నకళ్లు కావు. నువ్వు పంపిన నలభై ఒక్క పుస్తకాల వివరాలూ పోయాయి. బ్యాకప్ ఉంది, నీ పెట్టెలు రాకముందుది.

మూడు రోజులు దాచాను. నాలుగో రోజు డేనియల్ గారి ముందు నిలబడ్డాను.

"ఎవరు చెరపమన్నారమ్మా?"

"ఎవరూ అనలేదండీ. హీబ్రూకి లాగే దీనికీ అనుకున్నాను."

"పెద్దల్లుడు మాంసం మానేశాడని చిన్నల్లుడికి కూడా పప్పే పెట్టావన్నమాట." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఒక్కో పుస్తకం తెరిచి మళ్లీ రాయి. కమిటీ దగ్గర మాత్రం దాచలేను."

తెరిచాను. పదిహేడోది అచ్చు పుస్తకం కాదు. ఎడమవైపు బాస్క్ మాటలు, కుడివైపు తెలుగు, నీ చేతిరాత. ఆకలి, జ్వరం, దుప్పటి, మెల్లగా మాట్లాడండి. మధ్యలో ఒక పేజీ మొత్తానికి ఒక్కటే వాక్యం: "ఇరవై రోజులైంది తెలుగు విని." ఇంటికి తెచ్చి అమ్మకు చూపించాను. నువ్వక్కడికి వెళ్లిన ఆ మొదటి ఏడాది ఉత్తరాలన్నిటిలోనూ కులాసాగా ఉన్నానని రాశావట. అమ్మ చేతులు కడుక్కొచ్చి నోట్‌బుక్ తీసుకుంది, సాయంత్రం దాకా ఇవ్వలేదు. అడక్కుండా చదివాం, క్షమించు.

బుధవారం కమిటీ కూర్చుంది. చెరిపిందీ చెప్పాను, దొరికిందీ చెప్పాను. పర్మనెంట్ చేయలేదు. ఇంకో మూడు నెలలు చూద్దామన్నారు. బయటికొచ్చి డేనియల్ గారు, "ఇలాంటి పుస్తకం ఇంకెక్కడైనా ఉందా?" అని అడిగారు. ఎంత వెతికినా నాకు కనబడలేదు పిన్నీ. బాస్క్ నుంచి తెలుగుకు, ఆరు వందల పన్నెండు మాటలు. వేరే అరలో పెట్టాలట. భాష గడిలో eus, tel రెండూ టైప్ చేసి ఉంచాను. నువ్వు సరేనంటేనే జాబితాకెక్కిస్తాను.

రచయిత గడి ఖాళీగా ఉంది. సిస్టర్ అమల అని రాయనా అంటే అమ్మ కసిరింది. "సిస్టరెవరే? ఇది రాసింది మా చిన్ని."

ఏం రాయమంటావు?

ఇట్లు,
నీ అక్క కూతురు
దీవెన