పక్క చేనికి ఒక తడి

ఆదివారం, రాత్రి.

పాప పట్టుబట్టిందని అనంతపురం తీసుకుపోయి సూపర్‌హీరో సినిమా చూపించాను. హీరో విలన్‌ను తరుముతూ వీధికి వీధే కూల్చేశాడు. హాలంతా ఈలలు, నేనూ వేశాను. పాప మాత్రం, "నాయనా, ఆ ఇండ్లల్లో మనుషులు లేరా?" అంది. "సినిమాలేమ్మా" అన్నాను. బస్సులోనూ అదే అడిగింది.

బస్సు దిగి చేను దగ్గరికొస్తే, మా బోరు నీళ్లు పక్కనున్న నాగన్న చేలో పారుతున్నాయి. అతని బోరు ఎండిపోయిందని మా ఆమె పైపు అటు తిప్పింది. నాకు ఒళ్లు మండింది.

"మనకే చాలవు కదే!"

"కాయ పట్టేదానికి ఊడలు దిగే పొద్దు. ఈ ఒక్క తడి లేకుంటే ఆయప్ప శెనక్కాయంతా పోతాది. పిల్లోళ్లు ఏం తినాల?"

పాప నా మొహంలోకి చూసింది.

మా బోరు ఎన్నాళ్లు పోస్తుందో... ఆ దిగులు ఇప్పుడూ ఉంది. అయినా చీకటి పడేలోగా నేనే పోయి పైపును నాగన్న రెండో మడికి మార్చాను. సినిమాలో ఒక్కసారీ ఈల వేయని పాప, గట్టు మీద నిలబడి నోట్లో వేళ్లు పెట్టుకుంది. ఈల రాలేదు, ఉత్త గాలే వచ్చింది. మళ్లీ ఊదింది.