ఇంకో ఎక్స్‌రే అడగకు

కిషన్, అన్నం కుక్కర్‌లో ఉంది, తిని ఆస్పత్రికి రా. బాబు దగ్గర అత్తమ్మ ఒక్కతే ఉంది, నేను గుడ్డలు తీసుకొని ఉరుకుతున్న.

వచ్చినంక డాక్టరమ్మను ఇంకో ఎక్స్‌రే తియ్యమని అడగకు. వైరస్ వల్ల ఊపిరితిత్తుల్లో సన్న గొట్టాలు వాచినయంట, దానంతట అదే తగ్గాలంట. ముక్కు సాఫ్ చేసి, జెర జెర పాలు పట్టి, ఊపిరి కనిపెట్టుకొని ఉంటే చాలని ఆమె యాంటీబయాటిక్ సుత ఆపేసింది. నువ్వేమో "ఏం చెయ్యకుంటే ఇక్కడెందుకు?" అని లొల్లి పెట్టినవ్. నాలుగు నెలల పిల్లగాడు మీ లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌కు వచ్చిన ఇంజనా, అన్నీ విప్పి చూడనీకి?

అయినా నిన్నెందుకు అనాలె? మొదటి రోజు సూది వెయ్యమని బతిమిలాడింది నేనే. నరం దొరకక ఐదుసార్లు పొడిచిన్రు. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, ఆ చిన్న చెయ్యి కదలకుండ పట్టుకున్నది సుత నేనే.

పొద్దున వాడు డొక్కలు ఎగరేస్తుంటే నా పానం పోయినట్టయింది. ఆక్సిజన్ బాగనే ఉందని డాక్టరమ్మ చూపించింది, అయినా నేను వాడి డొక్కల మీంచి కండ్లు తియ్యలే.

ఊర్మిళ

ఇంకోటి. సాయంత్రం డాక్టరమ్మ వచ్చినప్పుడు, భయానికి నేనే "ఏదన్న చెయ్యండి మేడం" అంటనేమో. అప్పుడు నా చెయ్యి గట్టిగ పట్టుకో.