బరువుతల మృగమూ, నా ఇతర స్థిరచరాస్తులూ

అందరూ తక్కెడగారు అని పిలిచే నేను, తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి, ఒంట్లో ఓపికా బుర్రలో తెలివీ ఉండగానే, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టప్రకారం రాసుకుంటున్న వీలునామా ఇది. మతి స్థిరంగానే ఉందని డాక్టరు కాగితం ఇచ్చారు. మనసు సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంతకుముందు రాసిన వీలునామా ఒకటుంది. అది మా బావమరిది మీద కోపంతో రాసింది కాబట్టి చెల్లదు.

వీధి చివర దర్జీ కొట్టు నడిపే నా మిత్రుడు కత్తెరను దీనికి అమలుకర్తగా నియమిస్తున్నాను. చెప్పిన రోజుకి ఏదీ ఇచ్చే అలవాటు వాడికి లేదు. నా ప్యాంట్ల విషయంలో చేసినట్టు ఇక్కడ కూడా చేస్తే ఊరుకునేది లేదని రాద్దామనుకున్నాను గానీ, అప్పటికి అడగడానికి నేనుండను.

1. మేముంటున్న మూడు గదుల ఇల్లు, అందులోని సామాను, నా తదనంతరం నా భార్యకు సర్వహక్కులతో చెందాలి. ఆవిడ తర్వాత మా అబ్బాయికి. వానలు పడితే బాల్కనీ తలుపు బిగుసుకుపోతుంది. బాగుచేయిస్తానని ఆవిడకు ఏటా మాట ఇస్తూ వచ్చాను. ఆ మాట కూడా మా అబ్బాయికే వారసత్వంగా వెళుతుంది.

2. ఇత్తడి తూకపురాళ్ల పెట్టె మా బావమరిదికి. అతని కిరాణా కొట్లో కాటా తేడాగా ఉందని కేసు రాసింది నేనే. అప్పట్నుంచి చాలా ఏళ్లు అతను నా మొహం చూడలేదు. కేసు రాయడం తప్పని నేను ఇప్పటికీ అనను. కానీ సరుకులకొచ్చినవాళ్లందరి ముందూ దాన్ని గొంతెత్తి చదివి వినిపించాల్సింది కాదు. పెట్టె తీసుకోమనండి.

3. ఇక్కణ్ణుంచి రాయడానికి సిగ్గుగా ఉంది. ఇలాంటివి కూడా రాస్తారా అన్నట్టు డాక్యుమెంట్లు రాసే ఆయన కళ్లజోడు పైనుంచి చూశాడు. అందుకని మిగతాది నా చేత్తో నేనే రాసుకుంటున్నాను.

ఆదివారం మధ్యాహ్నాలు రిటైరైనవాళ్ల సంఘం మీటింగుకి వెళ్తానని చుట్టాలందరికీ చెబుతూ వచ్చాను. శుద్ధ అబద్ధం. కత్తెర కొట్లో, బట్టలు కత్తిరించే బల్ల చుట్టూ చేరి మేం ఆట ఆడతాం. నేను కథ చెబుతాను. మిగతావాళ్లు తలా ఒక పాత్ర కల్పించుకుంటారు. కత్తెరది దొంగ పాత్ర. మా ఇంటి కింద మందుల షాపాయనది మంత్రగాడి పాత్ర. అడవులు దాటతారు, కోటలెక్కుతారు, అంతా నోటిమాటతోనే. ప్రమాదం వచ్చినప్పుడు ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఎక్కువ పడితే గట్టెక్కినట్టు, తక్కువ పడితే పోయినట్టు. నెత్తి నెరిసినవాళ్లు చేసే పనేనా అంటే, కాదు. అయినా చేశాం. ఆ పాచికలూ, నేను గీసిన పటాలూ కత్తెరకు చెందాలి. పాచికలన్నీ నేను తూచి చూసినవే, వాటిలో మోసం లేదు.

4. బరువుతల అనే మృగం. ఇది పూర్తిగా నా సొంతం కాదు. మధ్యయుగాలలో ఎవరెవరో జంతువుల గురించి రాసిపెట్టుకున్న పుస్తకాల్లోంచి తెచ్చుకున్నాను. ఎద్దంత ఒళ్లు, సన్నటి మెడ, ఎత్తలేనంత తల, ఎప్పుడూ నేలచూపులు. దాని ఎర్రటి కళ్లలోకి చూసినవాడు అక్కడికక్కడే చస్తాడట. దాన్ని మా ఆటలో ఇమడ్చడానికి పడ్డ హైరానా మా అబ్బాయి పరీక్షలప్పుడు కూడా పడలేదు. తల ఎంత బరువుండాలి, దానికి మెడ ఆగుతుందా, బురదలో గిట్టలు ఎంత లోతు దిగుతాయి, అన్నీ లెక్కగట్టాను. ఒక కాగితం మీద ప్రాణానికి అంకెలు, తోలు మందానికి అంకెలు, పరుగుకి అంకెలు ఇచ్చాను. చివర్న ఒక వాక్యం రాశాను: కళ్లలోకి చూస్తే చావే, పాచిక లేదు. మా ఆటలో నిప్పుల్లో పడ్డవాడికీ, కొండ మీంచి జారినవాడికీ ఒక పాచిక ఉంటుంది. నా మృగం దగ్గర మాత్రం లేదు. దాన్ని చూసి అందరూ హడలిపోవాలని నా కోరిక.

5. మా కోడలు కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. ఒకరోజు నాకు గొడుగు ఇవ్వడానికి కత్తెర కొట్టుకి వచ్చి, కాసేపు చూసి, తనూ కూర్చుంది. పడవ నడిపే మనిషి పాత్ర ఎంచుకుంది. ఇంట్లో ఉప్పు అందించమనడానికి కూడా మొహమాటపడే పిల్ల, ఆ బల్ల దగ్గర దొంగనీ మంత్రగాణ్ణీ అదిలించి పడవెక్కించేది. ఆ పాత్ర అంటే ఆమెకు ఎంత ప్రాణమో అందరికీ తెలుసు.

పోయిన వానాకాలంలో వాళ్లకి బరువుతల ఎదురైంది. దొంగ చెట్టెక్కాడు. మంత్రగాడు మొహం కప్పుకున్నాడు. మా కోడలు పడవ దిగి, బురదలో మోకాళ్ల మీద కూర్చుని, కిందనుంచి దాని మొహంలోకి చూస్తానంది. ఎందుకమ్మా అంటే, తల ఎత్తడం లేదంటే ఎక్కడో నొప్పి ఉండే ఉంటుందంది. రోజంతా జనం కళ్లలోకి వంగి చూడటమే ఆ అమ్మాయి పని. చచ్చిపోయావన్నాను. ఒక్కసారి పాచిక వేస్తానంది. రూలు రూలే అన్నాను. అప్పుడు అడిగింది. “చూసినవాళ్లంతా చచ్చిపోతే, దాని కళ్లు ఎర్రగా ఉంటాయని ఎవరు రాశారు మామయ్యగారూ?”

కత్తెర పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ఎక్కడినుంచో వచ్చి కూర్చున్నదానివి, నాకు నేర్పకు అన్నాను. ఆట గురించే అన్నానని తర్వాత నాకు నేను చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. పెళ్లై మా ఇంటికొచ్చిన పిల్లకి ఆ మాట ఎక్కడ తగులుతుందో తెలియనంత అమాయకుణ్ణి కాదు. ఆమె టీ గ్లాసులు కడిగిపెట్టి వెళ్లిపోయింది, మళ్లీ ఆ బల్ల దగ్గరికి రాలేదు. ఇంట్లో అలగనూ లేదు. మందులు వేసుకున్నారా అంటుంది, చలిగా ఉంది స్వెట్టరు వేసుకోండి అంటుంది. అలిగినా బాగుండేది.

తూకంలో జనాన్ని ముంచేవాళ్లని పట్టుకోవడమే నా ఉద్యోగమంతా. ఇంటి మనిషికి రావాల్సిన ఒక్క పాచిక నేనే కొట్టేశాను. తలుచుకుంటే తల కొట్టేసినట్టుంది.

కాబట్టి సదరు మృగం మీద నాకున్న సర్వహక్కులనూ, “పాచిక లేదు” అన్న వాక్యాన్ని కొట్టేసే అధికారంతో సహా, మా కోడలికి దఖలుపరుస్తున్నాను. నేను పోయాక అమలుకర్త అందర్నీ పిలిచి ఆమె చేత పాచిక వేయించాలి. ఆమె ఎక్కడినుంచో వచ్చిన మనిషి కాదని, ఆ మాట అన్నవాడు సిగ్గుపడ్డాడని, అందరి ముందూ పైకి చదవాలి.

6. ఇంతవరకూ రాసి కత్తెరకు చదివి వినిపించాను. వాడు సుద్దముక్క చెవి మీద పెట్టుకుని అంతా విన్నాడు. “ఒరేయ్, ఇంట్లో పక్క గదిలో ఉండే పిల్లకి క్షమించమని చెప్పడానికి నువ్వు చావాలా?” అన్నాడు.

గుండె నిక్షేపంగా ఉందని డాక్టరు చెప్పారు. అంటే ఇంకా ఎన్నేళ్లో ఆ అమ్మాయి చేత సేవలు చేయించుకుంటూ, పోయాక మాత్రం మంచివాణ్ణనిపించుకుందామని చూశానన్నమాట. ఇంత సిగ్గుమాలిన ఆలోచన నాకెలా వచ్చిందో తెలియదు.

ఇంటికి వెళ్లాను. ఆమె బట్టలు మడతపెడుతోంది. ఈ కాగితమే చేతికిచ్చాను. నిలబడే చదివింది. అయిదో అంశం రెండుసార్లు చదివింది. అప్పుడు నోటితోనూ చెప్పాను. ఏం చెప్పానన్నది ఆమెకు చెందినది, ఇక్కడ రాయను.

పాచిక బల్ల మీద పెట్టాను. వేసింది. మూడు పడింది.

మళ్లీ వెయ్యమ్మా, బల్ల వాలుగా ఉంది, ఇది లెక్కలోకి రాదన్నాను. బల్ల వాలుగా లేదు. బుద్ధెరిగాక తూకంలో నేను ఆడిన మొదటి అబద్ధం అది.

“మూడంటే మూడే మామయ్యగారూ. ఈసారి నేనే వేసుకుని చచ్చిపోయాను. మీరు చంపలేదు,” అంది.

తర్వాత నా పెన్ను అడిగి తీసుకుని, మృగం కాగితం మీద “పాచిక లేదు” అన్న మాటలు కొట్టేసి, మళ్లీ బట్టల దగ్గరికి వెళ్లింది. ఆదివారం వస్తావా అని అడగలేదు. అడగడానికి నాకింకా మొహం లేదు.

7. పై కారణాన అయిదో అంశం రద్దు. సదరు మృగాన్ని నా జీవితకాలంలోనే మా కోడలికి స్వాధీనపరిచాను గనుక అది ఇక నా ఆస్తి కాదు. దాన్ని ఎవరికి ఇచ్చారని రేపు ఎవరైనా అడిగితే, ఇంటి మనిషికే ఇచ్చారని చెప్పాలి.

ఇది నా సమ్మతితో రాసి, చదువుకుని, సంతకం చేసినది.

తేదీ: జులై పద్నాలుగు, ఆదివారం.

(సంతకం) తక్కెడ

సాక్షులు:
1. కింది అంతస్తు మందుల షాపు యజమాని (సంతకం)
2. ఎదురు సందులో తాళాలు బాగుచేసే ఆయన (వేలిముద్ర)