మంచాలు మారిన కళ్లజోళ్లు

ఏమోయ్, దుకాణం తెరవకముందే వృద్ధాశ్రమానికి ఫోన్ చెయ్యి. నాకు ఎంగేజ్ వస్తోంది, నువ్వు లైను కలిసేదాకా వదలకు. నేను చేరేవరకు ఎవరినీ మెట్లు దిగనివ్వద్దని చెప్పు.

మనం ఉచితంగా ఇచ్చిన కళ్లజోళ్ల పెట్టెల మీద పేర్లకు బదులు మంచం నంబర్లు రాశాను. అవి పంచేలోపే గోడలకు రంగులేస్తూ మంచాలన్నీ మార్చేశారట! ఒకరి చూపు ఇంకొకరి ముక్కెక్కింది. వారంగా ఎవరినడిగినా "బ్రహ్మాండంగా కనిపిస్తోంది నాయనా" అన్నారు. ఊరికే ఇచ్చినదానికి వంక పెట్టకూడదని మొహమాటం. నిన్న ఒక మామ్మగారు మెట్టు తప్పి పడబోయిందట. సేవ చేయబోయి శవాన్ని చూసేవాణ్ణి.

అన్నట్టు, నీ కళ్లజోడూ ఊరికే చేసిచ్చిందే. ఆరేళ్లుగా బాగుందనే అంటున్నావు. మొహమాటపడకుండా చెప్పవే, నేను సరిగ్గా కనిపిస్తున్నానా?