మూత లోపలి పేరు

అక్టోబర్ 10, శుక్రవారం
మా అన్న కాశప్ప దినాలు నిన్నటితో అయిపోయాయి. ఈరోజు షాపు తెరిచాను. నవనాథ్ వాచ్ వర్క్స్, బీదర్ బస్టాండ్ దగ్గర. బోర్డు మీద నా పేరు. లోపలి గదిలో కాశప్పన్న స్టూలు జరిపి ఊడ్చి, మళ్ళీ అక్కడే పెట్టాను. ఏడుపు రాలేదు. పొద్దున మా ఊరు కమఠాణలో బయల్దేరుతుంటే హనుమవ్వ వదిన, నీకేమన్న రాతిగుండెనా నవనాథూ, అన్నది. అయ్యుండొచ్చు.

అక్టోబర్ 14
స్టాన్లీ సార్ వచ్చాడు. వాళ్ళ స్కూల్లో మెట్ల దగ్గరున్న ఇంగ్లీషు గడియారం పోయిన ఏడాది మా షాపులోనే బాగయింది. అందుకు నవంబర్ ఒకటిన, కర్ణాటక రాజ్యోత్సవం రోజు నాకు శాలువా కప్పుతారట. పిల్లలకు జాన్ హారిసన్ అనే పాతకాలపు ఇంగ్లండ్ గడియారాల మేస్త్రీ గురించి పది నిమిషాలు చెప్పాలట. జిరాక్స్ ఇచ్చి పోయాడు. సరే అన్నాను.

ఆ గడియారం నేను బాగు చేయలేదు. అన్న చేశాడు. విరిగిన చక్రం ఎక్కడా దొరక్కపోతే ఇత్తడి పళ్ళెం కోసి, ఆకురాయితో ఒక్కొక్క పన్నూ రాకుతూ నాలుగు రోజులు కూర్చున్నాడు. నేను సార్‌తో ఇంగ్లీషులో మాట్లాడాను. నా పని అంతే.

అక్టోబర్ 15
మా పనిలో ఒక అలవాటుంది. బాగు చేసినవాడు మూత లోపల సూదితో పేరు, తారీఖు గీస్తాడు. తర్వాత విప్పేవాడికి ఎవరి చెయ్యి పడిందో తెలియాలి కదా. అన్నకు రాయడం రాదు. పని ముగించి నా ముందుకు తోసేవాడు. నేను నా పేరు గీసేవాణ్ణి. ఇరవై రెండేళ్ళు. ఆయన పేరు గీద్దామని ఒక్కసారి కూడా తట్టలేదు. ఎవని పేరైతేంది తమ్మీ, గడియారం నడిస్తే సాలు, అనేవాడు.

అక్టోబర్ 16, మధ్యాహ్నం 3
షాపులో ఉన్నవి పదకొండు విప్పి చూశాను. అన్నిట్లోనూ నేనే. ఏది ఆయన చేసిందో నాకే తెలియడం లేదు. థూ, నా బతుకు.

అక్టోబర్ 24
జిరాక్స్ చదివాను. హారిసన్ వడ్రంగి కొడుకు. చెక్కతో గడియారాలు చేశాడు. కొన్నిటికి నూనే అక్కర్లేదట. అన్న ఉంటే నమ్మేవాడు కాదు. ఓడ సముద్రంలో ఎక్కడుందో తెలియాలంటే టైము తప్పని గడియారం కావాలి. దానికోసం ముసలాడయ్యేదాకా పని చేశాడు. మొదట్లో తమ్ముడు జేమ్స్ కూడా పక్కనే కూర్చుని చేశాడట. ఒక గడియారం మీద జేమ్స్ పేరే ఉందట.

తర్వాతి పేజీలో జేమ్స్ లేడు. ముందుకూ వెనక్కూ తిప్పాను. పోయాడని కూడా రాయలేదు.

అక్టోబర్ 27
స్టేజీ మీద అన్న పేరు చెప్తాను. ఒక్క మాట. వదినను వచ్చి ముందు వరసలో కూర్చోమన్నాను. నిజంగ చెప్తవా, అని అడిగింది. చెప్తానన్నాను. పెట్టెలోంచి మంచి చీర తీసి ఎండకు వేసింది.

నవంబర్ 1, సాయంత్రం 5
చెప్పలేదు.

జెండా, కన్నడ పాట, శాలువా. హారిసన్ గురించి బాగానే మాట్లాడాను. పింకి అని ఒక పిల్ల లేచి, మరి ఆ తమ్ముడు ఏమయ్యాడని అడిగింది. నోరు తెరిచాను. వదిన నన్నే చూస్తోంది. తెలియదమ్మా, కాగితంలో లేదు, అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. వదిన కొట్టలేదు.

ఆటోలో ఇద్దరి మధ్యా శాలువా. దిగేటప్పుడు అన్నది, మీ అన్నకు రాసుడు రాలె, నీకు చెప్పుడు రాలె. సిగ్గేసింది. అది కూడా వేరే ఎవరికో వేసినట్టు.

నవంబర్ 3
షాపు తెరవలేదు.

నవంబర్ 6
కమలనగర్ భీమ్‌రావ్ అలారం గడియారం తెచ్చాడు. స్ప్రింగ్ మార్చాను. సూది తీసుకుని కాశప్ప అని గీశాను. తారీఖు వేశాను.

నవంబర్ 11
ఇప్పటికి తొమ్మిది. అన్నిట్లోనూ కాశప్ప.

భీమ్‌రావ్ మళ్ళీ వచ్చాడు. ఇంట్లో మూత విప్పి చూశాడట. ఈ కాశప్ప ఎవరు, అన్నాడు. మా అన్న, లోపల పని చేస్తుండు, అని చెప్పాను. జర పిలువు, మంచిగ చేసిండని చెప్త, అన్నాడు.

లోపలి గది వైపు తిరిగి, అన్నా, అని పిలిచాను.